ఎదురునీళ్ళు

వరుణావతీ రాజ్యం తూర్పున ఎక్కడ ముగుస్తుందో అక్కడ, మొగలిపొదల వెనక, నూరు గడపల గవ్వలపాడు ఉంది. పొద్దున్నే సముద్రం మీంచి చూస్తే, ఆరబెట్టిన వలలు ఎండలో బంగారు తెరల్లా ఊగుతూ, ఇసుక మీద తెప్పలు ఎండకు పడుకున్న మొసళ్ళలా కనబడేవి. ఊరికి ఎడమపక్క నీళ్ళలోకి ముక్కు చాచినట్టు నల్లటి రాతిగుండు ఒకటి. దాన్ని కాకిగుండు అనేవారు. ఊరి వెనక నిటారుగా లేచిన ఎర్రమట్టి దిబ్బ పేరు పెద్దలమెట్ట. ఆ ఊరివాళ్ళు చనిపోయిన తమ వాళ్ళను దానిమీదే పూడ్చేవారు.

కాకిగుండు మీద పగలంతా ఒక కాపరి ఉండేవాడు. అతని దగ్గర తలకాయంత శంఖం. ఆ శంఖానికి రెండే పలుకులు. ఊపిరి తెగకుండా సాగే ఒకే నాదం ‘పిలుపు’. మూడు ముక్కలుగా తెగే నాదం ‘తరుము’. తరుము వినబడితే నోటి దగ్గరి ముద్ద వదిలేసి మెట్ట ఎక్కాలి. దాని అవసరం పడి నాలుగు తరాలైంది. పిలుపు మాత్రం ఏటా మాఘ అమావాస్యనాడు మోగేది.

ఆ రోజు సముద్రమ్మ పుట్టింటికి వెళ్తుందని వాళ్ళ నమ్మకం. నీళ్ళు వంద బారలు వెనక్కి తగ్గేవి. ఆడపిల్ల ప్రయాణం చేసి తిరిగొస్తే గుమ్మంలో కాళ్ళకు నీళ్ళివ్వమా? అందుకే ఊరు ఊరంతా ఇత్తడి చెంబుల్లో పసుపు కలిపిన మంచినీళ్ళు పట్టుకుని, తడి ఇసుక మీద వరసగా నిలబడి, తిరిగొచ్చే మొదటి అలకు ఎదురెళ్ళి పోసేది. ఆ పండుగ పేరు ఎదురునీళ్ళు. ఆ వేళ అక్కడ ఎవరూ పరిగెత్తకూడదు. అమ్మను చూసి పారిపోయినట్టు అవుతుంది. చెంబు ఒలకబోయకుండా వెనుదిరగకూడదు. ఊళ్ళో చావు జరిగితే మాత్రం మైల. ఆ యేడు పండుగ లేదు.

శంఖం కాపలా ఊరిపెద్ద చోడయ్య ఇంటిది. చోడయ్య తెప్ప మీంచి జారి తొడ ఎముక విరగ్గొట్టుకుని మంచాన పడ్డాక ఆ పని కూతురు మాలచ్చికి వచ్చింది. మాలచ్చికి పదిహేడేళ్ళు. శంఖం అందుకున్న రోజున, దాని పలుకు తమ ఇంటి గడప దాటించనని తండ్రి చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టింది.

ఆ ఒట్టు ఆమె నిలబెట్టుకోలేదు.

ఐదు నెలల కిందట సముద్రం ఒక మనిషిని ఒడ్డున పారేసి పోయింది. మాలచ్చి అతన్ని జుట్టు పట్టుకుని ఇసుక మీదికి లాగింది, గంజి తాగించింది. పేరు సూరన్న అన్నాడు. వలలు అల్లుకు బతికేవాణ్ణి, నా వాళ్ళంతా మునిగిపోయారు అన్నాడు. అతను అల్లిన వలలో ముడి వదులయ్యేది కాదు. మంచం మీది చోడయ్యను రోజుకు నాలుగుసార్లు నవ్వించేవాడు. ఊళ్ళో ముసలివాళ్ళు అతన్ని అల్లుడా అని పిలవడం మొదలెట్టారు. ఒక మధ్యాహ్నం కాకిగుండు మీద కూర్చుని, “నాకూ నేర్పవూ, బంగారూ? నీకు జ్వరమొస్తే నేను ఊదుతాను” అన్నాడు. మాలచ్చి నేర్పింది. పిలుపు నేర్పింది, తరుమూ నేర్పింది. ఆ సంగతి గుండు మీది కాకులకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇక ఈ ఉదయం జరిగినది వినండి.

జ్యేష్ఠమాసం. పొయ్యి మీద అంబలి కుతకుతమంటోంది. ఉన్నట్టుండి ఉట్టి ఊగింది. చూరు నుంచి మట్టి రాలింది. పెరట్లో చేద బావి గుబగుబమని బురద కక్కింది. ఊళ్ళో కుక్కలన్నీ తోకలు ముడుచుకుని మెట్ట వైపు పరుగెత్తాయి.

“భూదేవి ఒళ్ళు ఇరుసుకుంది” అన్నాడు చోడయ్య. “గుండు మీద ఎవరున్నారే?”

“సూరన్న ఎల్లాడయ్యా. నువ్వు రేత్రంతా మూలుగుతానే ఉన్నావు, నీ దగ్గరుండమన్నాడు.”

ఆమె మాట పూర్తి కాలేదు. కాకిగుండు మీంచి శంఖం మోగింది. తెగని, వణకని, తియ్యటి నాదం. పిలుపు.

చోడయ్య మోచేతుల మీద లేచాడు. “జేష్ఠంలో పిలుపేటే? ఆడి సేతికి శంఖమెవరిచ్చారు?”

“గూట్లో ఉంటే తీసుంటాడు. తెలీక ఊదుంటాడు, నేనెల్లి సూసొస్తా” అని మాలచ్చి తండ్రి ముఖం చూడకుండా బయటపడింది.

ఒడ్డుకు వచ్చి నిలువునా ఆగిపోయింది. సముద్రం లేదు.

కనుచూపు మేర నీళ్ళు వెళ్ళిపోయాయి. ఎన్నడూ పగటి వెలుగు చూడని నేల తళతళలాడుతూ బయటపడి ఉంది. ఎర్రటి, ఊదా రంగు పగడపు చెట్లు కొమ్మలు చాచి నిలబడ్డాయి. నాచుపచ్చిక బయళ్ళ మీద వెండి తళుకుల చేపలు లక్షలుగా ఎగిరెగిరి పడుతున్నాయి. ఏనాడో మునిగిన ఓడల పక్కటెముకల్లో పీతలు గుంపులుగా దారి వెతుక్కుంటున్నాయి. వాటన్నిటికీ అవతల, అవ్వల కథల్లో మాత్రమే విన్న నీటమునిగిన గుడి, నల్లరాతి శిఖరంతో, గుల్లలు పట్టిన నాలుగు స్తంభాలతో నిజంగా నిలబడి ఉంది.

ఊరంతా చెంబులతో దిగిపోతోంది. చంకల్లో పిల్లలు, కొంగుల్లో ఎగిరిపడే చేపలు. అందరికంటే ముందు ఊళ్ళోకెల్లా పెద్దది అచ్చియ్యమ్మ.

“నాలుగు నెల్లకే రెండోసారి పుట్టింటికెల్లింది తల్లి!” అంటోంది ఆమె. “ఆళ్ళమ్మకి ఒంట్లో బాగోలేదో ఏటో పాపం. ఒలే మాలచ్చీ, మీ అయ్యకి సెప్పు, నీ సూరన్న సెయ్యి సల్లంగుంది, పిలుపు ఊదితే ఇంత సేప పడింది!”

“అవ్వా, వేళ కాదు, వెనక్కి రా” అంది మాలచ్చి.

“అమ్మ పుట్టింటికెల్లడానికి నీ దగ్గర సెలవు తీసుకోవాలేటే?” అంటే చుట్టూ అందరూ నవ్వారు.

మాలచ్చి కాకిగుండు వైపు పరుగెత్తింది. రాళ్ళకు అరికాళ్ళు చీరుకున్నా ఆగకుండా పైకెక్కింది. సూరన్న అక్కడ వీపు తిప్పి నిలబడి, దూరంగా ఆకాశం నేలను తాకే గీతను చూస్తున్నాడు. గోచి లేదు. నడుముకు జరీ పట్టు, భుజానికి రత్నాల దండకడియం, దాని మీద ఎనిమిది కాళ్ళ శరభం బొమ్మ. మెడలో తాడుతో శంఖం వేలాడుతోంది.

“సూరన్నా! పొరపాటున పిలుపు ఊదేశావు. తరుము ఊదాల, తొందరగా!”

“పొరపాటు లేదు, మాలచ్చీ. పిలుపే కావాలి. నా పేరు సూరన్న కూడా కాదు. కుంతలగిరి యువరాజు శరభకేతుణ్ణి.”

ఆమెకు నవ్వొచ్చింది. “యువరాజులు మా ఉట్టి మీద ఎండుసేపలు దొంగతనం సేస్తారేటి?”

అతను నవ్వలేదు. అప్పుడు ఆమె నవ్వు కూడా ఆగింది.

“విను, వేళ తక్కువ” అన్నాడతను. “ఇక్కడికి మూడు దినాల ఓడ ప్రయాణంలో అగ్నిబిల ద్వీపముంది. మా గురువు కంకాళుడు అక్కడ సముద్రం అడుగున మంత్రపు గునపం దిగేశాడు. మీ ఉట్టి ఊగింది అందుకే. అడుగు నేల పగిలి, ఒక పలక కుంగింది, ఒక పలక లేచింది. కుంగిన చోటికి నీరంతా పరుగెత్తింది. ఇప్పుడు లేచిన పలక దాన్ని తిరిగి విసురుతుంది. నడిసముద్రంలో ఆ అల మూరెడు ఎత్తే, ఓడవాళ్ళకు తెలియను కూడా తెలియదు. తీరానికి వచ్చి లోతు తగ్గేకొద్దీ ముందు నీరు నెమ్మదిస్తుంది, వెనక నీరు దాని మీదికెక్కుతుంది. ఇక్కడికి చేరేసరికి తాటిచెట్టంత.”

“ఎంతసేపట్లో?”

“ఘడియ కంటే కాస్త ఎక్కువ. ఆలోపు ఆ గుడి తలుపుపలక పైకి లేవాలి. లోపల సాగరనాభి మణి ఉంది. అది ఎవడి చేతిలో ఉంటే సముద్రం వాడి మాట వింటుంది. పలక లేపడానికి రెండు వందల చేతులు కావాలి. తరుము ఊదితే ఆ చేతులన్నీ మెట్ట ఎక్కేస్తాయి.”

మాలచ్చి అంది, “నువ్వు మా ఇంటి గంజి తాగావు.”

“తాగాను. రోజూ ఉప్పు ఎక్కువేసేదానివి” అన్నాడు శరభకేతుడు. వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు. గుండు వెనక నీడలోంచి రెండు తలల గండభేరుండ పక్షి రెక్కలు దులుపుకుంటూ లేచింది. “దీని మీద ఇద్దరికి చోటుంది. నీ మీద నాకు కోపమేమీ లేదు, వస్తావా?”

మాలచ్చి ఉమ్మేసింది. శంఖం కోసం అతని మెడ మీదికి దూకింది. అతను పక్కకు తప్పుకుని, ఆమె ఇంటి వాకిట్లో కూర్చుని తను అల్లిన వలనే ఆమె మీద విసిరి, నాలుగు చుట్లు చుట్టి, రాతికొమ్ముకు బిగించి, పక్షి మెడ నిమిరి గుడి వైపు దిగిపోయాడు. ఐదు నెలలుగా ఊరు మెచ్చుకున్న ఆ ముళ్ళలో ఒక్కటి కూడా వదులవలేదు.

ముడి విప్పే ప్రయత్నం ఆమె మానేసింది. రాతికి అంటుకున్న ఆల్చిప్పల అంచులు కత్తుల్లా ఉంటాయి. వీపును వాటికేసి రాసింది. దారం ఒక పోగు తెగితే చర్మం రెండు గీతలు తెగింది. పక్షి రెండు తలలతోనూ ఆమెను వింతగా చూస్తోంది. చివరి పోగు తెగగానే మాలచ్చి రక్తం కారుతూ గుండు దిగి, తడి నేల మీద గుడి దిక్కుకు పరుగు తీసింది.

అక్కడ మగవాళ్ళంతా పడవల తాళ్ళు పలకకు బిగించి లాగుతున్నారు. “ఐలేసా! అమ్మ తలుపు తియ్యమంది, ఐలేసా!” పలక మూరెడు లేచింది. శరభకేతుడు పక్కన నిలబడి చప్పట్లతో తాళం వేస్తున్నాడు. అతని పట్టుబట్ట చూసి, సముద్రమ్మే అల్లుడికి కొత్తబట్టలు పెట్టిందని వాళ్ళు మురిసిపోతున్నారు.

“తాళ్ళు వదలండి! సముద్రం మీద పడిపోతాది, పరిగెత్తండి!” అని అరిచింది మాలచ్చి.

“పరుగు అనకే పాడుముండా, అమ్మ వింటాది!” అని అచ్చియ్యమ్మ గదిమింది.

“ఈడు సూరన్న కాదు. పరదేశపు రాజు. మనల్ని సంపడానికి పిలిచాడు!”

“పెళ్ళి కాకుండానే మొగుణ్ణి తిడతన్నావేటే?” అని ఎవరో అంటే తాళ్ళు లాగేవాళ్ళు లాగుతూనే పకపకా నవ్వారు. శరభకేతుడు కూడా వాళ్ళతోపాటు సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు.

అప్పుడు ఆకాశపు అంచున ఒక తెల్లదారం కనబడింది.

మాలచ్చి దాన్ని చూసింది. ఊరు కూడా చూసింది. చూసి, ఆడవాళ్ళంతా కొంగులు సర్దుకుని, పిల్లల ముక్కులు తుడిచి, చెంబులు రెండు చేతులా పట్టుకుని వరసగా నిలబడ్డారు. “అదిగో, అమ్మ వచ్చేస్తోంది” అంది అచ్చియ్యమ్మ ఆప్యాయంగా.

వీళ్ళు ఎంత చెప్పినా పరిగెత్తరు. తరుము మోగకుండా గవ్వలపాడులో ఏ వేళైనా పరుగు ఒప్పుకునేది ఒక్క సందర్భంలోనే. ఊరిపెద్ద చనిపోతే శవాన్ని మంచంతో సహా ఎత్తుకుని, ఊరంతా వెంటరాగా, పరుగున మెట్ట ఎక్కించాలి. ఆలస్యమైతే సముద్రం ఆ శవాన్ని తనకిమ్మని అడుగుతుందట.

మాలచ్చి జుట్టు విప్పింది. గుండెల మీద బాదుకుంది.

“ఓరి నాయనో! మా అయ్య పోయాడురో! ఎదురునీళ్ళు వద్దురో, మైలొచ్చిందిరో!”

వరస మొత్తం కొయ్యబారిపోయింది. ఒక చెంబు జారి రాయి మీద ఖంగుమంది, తర్వాత పదులకొద్దీ పడ్డాయి. తాళ్ళు వదిలేసిన చప్పుడుకు పలక దభీమని మూసుకుంది. “చోడయ్య పోయాడు! పెద్దయ్య పోయాడు!” ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకున్నారు, మగవాళ్ళు పంచెలు ఎగ్గట్టారు, ఊరంతా ఏడుస్తూ ఒడ్డు వైపు పరుగెత్తింది.

“ఆగండి! అబద్ధం!” అని శరభకేతుడు కేకలేశాడు. ఆ ఏడుపుల్లో అతని మాట ఎవరికీ వినబడలేదు.

అచ్చియ్యమ్మ ఒక్కతే కదల్లేదు.

“అవ్వా, రా!” మాలచ్చి ఆమె రెక్క పట్టి లాగింది.

“నాకేం మైలే? మీ ఇంటిపేరు వేరు, నా ఇంటిపేరు వేరు. తల్లి అంత దూరం నుంచి వస్తంటే గుమ్మంలో ఒక్క మనిషన్నా ఉండొద్దా? నువ్వెల్లు. మీ అయ్య మంచోడు, ఏడ్సుకో.”

మాలచ్చి ఆమెను ఎత్తుకుపోదామని చూసింది. ముసలిది నాచు బండను కాళ్ళతో అదిమిపట్టి, చెంబు ఒలకకుండా నిలబడింది. హోరు మొదలైంది. మాలచ్చి ఆమెను వదిలి పరుగెత్తింది. పరుగెత్తుతూ ఎన్నిసార్లు వెనక్కి చూసినా ఆ చెంబే కనబడింది.

ఊళ్ళో నలుగురు మగవాళ్ళు అప్పటికే చోడయ్య మంచం భుజాలకెత్తుకుని మెట్ట ఎక్కుతున్నారు.

“ఒరే ఎర్రన్నా! దింపరా! నేను బతికే ఉన్నానురా!” అని చోడయ్య మంచం మీంచి బొబ్బలు పెడుతున్నాడు.

“నీకు తెలీదు పెద్దయ్యా, కొత్తలో అలాగే ఉంటాది” అన్నాడు ఎర్రన్న రొప్పుతూ. “నీ కూతురే సెప్పింది, నువ్వు పోయావని.”

“నా కాలు, నా కాలు! సచ్చినోడికి కాలు నొప్పెడతాదేటిరా?”

“అదే నేనూ ఆలోసిస్తన్నాను. ముందు మెట్టెక్కనీ.”

మెట్ట సగం ఎక్కేసరికి వెనక నేల గర్జించింది. అందరూ తిరిగి చూశారు. వచ్చినదానికి అల అనే పేరు సరిపోదు. సముద్రమంతా లేచి నిలబడి నడిచొస్తోంది. నల్లగా, బురదగా, మొగలిపొదల్ని మొదళ్ళతో పెకలించుకుంటూ వచ్చింది. తెప్పలు గడ్డిపరకల్లా దాని తల మీద తిరుగుతున్నాయి. గుడిసెలు ఒక్కొక్కటే లేచి, ఒకదానికొకటి గుద్దుకుని, కప్పులు విప్పేసి మునిగాయి. తాటిచెట్లు విరిగిన చప్పుడు వరసగా టపాకాయల్లా వినబడింది. నీరు మెట్ట నడుముదాకా ఎక్కి, అక్కడ కాసేపు ఊపిరి పీల్చినట్టు ఆగి, గోడలూ మేకలూ ఉయ్యాలలూ మనుషులూ అన్నిటినీ ఊడ్చుకుని వెనక్కి పోయింది.

పడిపోయిన కొందరు, వెనకబడిన కొందరు లేరు. అచ్చియ్యమ్మ లేదు. ఎర్రన్న పెళ్ళాం లేదు. గవ్వలపాడు ఉన్న చోట బురద మాత్రమే ఉంది.

అప్పుడు, నీళ్ళు ఇంకా వెనక్కి, మొదటిసారి కంటే ఇంకా దూరానికి జారిపోతుండగా, కాకిగుండు మీంచి మళ్ళీ శంఖం మోగింది. అదే తియ్యటి పిలుపు. శరభకేతుడు ఈలకు వచ్చిన పక్షి మీద తప్పించుకుని గుండు చేరాడు. మణి ఇంకా పలక కిందే ఉంది. అతనికి చేతులు కావాలి.

చిత్రమేమిటంటే, జనం లేచారు. పుట్టినప్పటి నుంచి ఆ నాదం విన్న కాళ్ళు వాటంతటవే లేచాయి. “అమ్మ శాంతించింది” అన్నారొకరు. “కింద నా పెళ్ళాం ఎక్కడో చెట్టు పట్టుకునుంటాది” అని ఎర్రన్న దిగబోయాడు.

మాలచ్చి దారికి అడ్డం నిలబడింది. “దిగకండి. ఇంకోటి వస్తాది, దీనికంటే పెద్దది. ఆ పిలుపు అబద్ధం.”

“శంఖం అబద్ధమాడదు” అన్నాడు ఎర్రన్న. “ఈ ఊళ్ళో ఆ పలుకు మీ ఇంటోళ్ళకి తప్ప ఎవరికొచ్చు?”

చోడయ్య మంచం మీంచి కూతుర్ని చూస్తున్నాడు. మాలచ్చి ఆ చూపు నుంచి కళ్ళు తిప్పుకోలేకపోయింది.

“నేనే నేర్పాను” అంది. “పిలుపూ నేర్పాను, తరుమూ నేర్పాను. ఆడు మంచోడనుకున్నాను.”

ఎర్రన్న ఆమె ముఖం మీదికి చెయ్యెత్తి, కొట్టలేక, అక్కడే కూలబడి ఏడ్చాడు. చోడయ్య కూతుర్ని వదిలి ఊరితో మాట్లాడాడు.

“ఆ శంఖం ఇక మనది కాదు. అది ఏం పలికినా ఎవడూ ఈ మెట్ట దిగకూడదు. దిగాలంటే నా మంచం దాటి దిగండి.” తర్వాత గొంతు తగ్గించి, “మాలచ్చీ, బతికున్న నన్ను సచ్చిపోయానన్నావు, దానికి కోపం లేదు. ఆ రెండోది మాత్రం... నా కళ్ళ ముందు ఉండకే” అని ముఖం తిప్పుకుని, పొమ్మని చెయ్యి విసిరాడు.

జనం దిగడం లేదని శరభకేతుడికి అర్థమైంది. గండభేరుండం గుండు మీంచి లేచి దక్షిణానికి తిరిగింది. దక్షిణాన కొండకొమ్ము చాటున సొర్లపేట ఉంది. మొదటి అల ఆ కొమ్ముకు తగిలి విరిగిపోయి, వాళ్ళకు మోకాలి లోతే వచ్చి ఉంటుంది. వాళ్ళదీ ఇదే పండుగ, ఇదే పిలుపు. అవ్వల కథల ప్రకారం మునిగిన గుడికి రెండో తలుపు వాళ్ళ వైపే ఉంది.

తడిసిన రెక్కల బరువుతో పక్షి మెట్ట కొసకు అంటుకున్నట్టు తక్కువ ఎత్తులో ఎగురుతోంది. మాలచ్చి కొసదాకా పరుగెత్తి, అంచు మీంచి గాలిలోకి దూకి, పక్షి కాలు పట్టుకుంది.

పక్షి ఒక్కసారి కిందికి జారి మళ్ళీ లేచింది. శరభకేతుడు వంగి చూసి చురకత్తి దూశాడు. “వదిలెయ్, బంగారూ. పడితే నొప్పి తెలియదు, ఎత్తు చాలా ఉంది.”

కత్తి ఆమె మణికట్టును గీసింది. అయినా వదల్లేదు. కొండకొమ్ము దాటుతూనే సొర్లపేట అఖాతం కనబడింది, ఖాళీగా, తళతళలాడుతూ. శరభకేతుడు శంఖమెత్తి పిలుపు ఊదాడు. ఒడ్డున చీమల్లా జనం కదిలారు, వాళ్ళ చేతుల్లో చెంబులు మెరిశాయి. మాలచ్చి రెండో చేత్తో రెండో కాలు కూడా అందుకుని ఊగసాగింది. బరువు ఎటు లాగుతోందో తెలియక పక్షి కుడితల కుడికి, ఎడమతల ఎడమకి తిరిగాయి. ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి. రెండు తలలూ పోట్లాడుకుంటుండగా మధ్యనున్న ఒళ్ళు గిరగిరా తిరిగి, సొర్లపేట జనం నడుమ, నాచు గుట్ట మీద దబ్బున కూలింది. ఒక రెక్క విరిగింది.

సొర్లపేట పెద్ద సన్యాసమ్మ వాళ్ళ దగ్గరికి నడిచొచ్చింది. నిప్పు కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే మనిషి. మాట్లాడేటప్పుడు కూడా దాన్ని తియ్యదు.

“ఎవరు మీరు? అమ్మ పంపిందా?”

మాలచ్చి అలుపుతో నోరు తెరిచేలోపు శరభకేతుడు లేచి పట్టుబట్ట దులుపుకున్నాడు. “నన్ను పంపింది. ఈమెను నమ్మకండి. కన్నతండ్రి బతికుండగానే చచ్చాడని శోకాలు పెట్టి పండుగ చెడగొట్టింది. ఒట్టేసి శంఖం పలుకు పరాయివాడికి నేర్పింది. కన్నతండ్రే ముఖం తిప్పుకుని, పొమ్మని చెయ్యి విసరడం నేను దూరం నుంచి చూశాను. అబద్ధమైతే చెప్పమనండి.”

“నిజమేనేటే గుంటా?” అంది సన్యాసమ్మ.

మాలచ్చి చుట్టూ చూసింది. గవ్వలపాడులో లాగే ఇక్కడా చంకల్లో పిల్లలు, కొంగుల్లో చేపలు. ఆకాశపు అంచు ఇంకా శుభ్రంగానే ఉంది. అల వస్తుందని చెబితే నవ్వుతారు. ఒకసారి చూసింది ఆ నవ్వు.

“మూడూ నిజాలే” అంది.

“కట్టెయ్యండి దాన్ని!” అన్నారు ఎవరో.

“కట్టెయ్యండి పిన్నమ్మా, తప్పులేదు. కానీ ఒక్క మాట. ఇంత తప్పు సేసినదాన్ని నేను ఇక్కడుండగా అమ్మ వస్తే, ఆ కోపం పక్కనున్న పిల్లల మీద పడతాది. నాకొక్క చెంబియ్యండి. ముందు నేనొక్కదాన్నే ఎదురెల్తాను. మీరంతా ఆ కొండ గట్టెక్కి సూడండి. అమ్మ నన్ను మన్నించి ఊరుకుంటే దిగి రండి. మన్నించకపోతే పాపం నాతోనే పోద్ది.”

సన్యాసమ్మ చుట్టను నోట్లో ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు తిప్పుకుంది. “నాయంగానే ఉంది. ఎక్కండర్రా గట్టు! పసోళ్ళు ముందు!”

జనం గట్టు వైపు మళ్ళారు. శరభకేతుడు ఒకసారి ఆకాశపు అంచును చూసి, ఒకసారి విరిగిన రెక్కను చూసి, మెల్లగా రాళ్ళ చాటుకు జరిగాడు.

“నువ్వెక్కడికి బాబూ?” అంది సన్యాసమ్మ. “పిలుపు ఊదింది నువ్వే గదా? గవ్వలపాడులో ఎలాగో తెలీదు, మా పేటలో పిలిచినోడే ముందు నడవాల. అల్లదిగో, ఆ పిల్లతోపాటు ఎల్లు. నువ్వు మధ్యలో తిరిగొచ్చేస్తే అమ్మకి మర్యాద కాదు.”

ఇద్దరు బలమైన తెడ్లవాళ్ళు మాలచ్చి చేతిలో ఒక చెంబు, అతని చేతిలో ఒక చెంబు పెట్టి, అతని మణికట్టునూ మాలచ్చి మణికట్టునూ ఒకే వలతాడుతో కలిపి కట్టారు. దణ్ణం పెట్టి గట్టు వైపు వెళ్ళిపోయారు.

ఇద్దరూ ఖాళీ సముద్రంలోకి నడిచారు. ముప్పై అడుగులు దాటాక శరభకేతుడు గొంతు తగ్గించి, “మాలచ్చీ, తాడు కొయ్యి. నా వీపు వెనక దట్టీలో కత్తి ఉంది, నాకు అందదు. నాకు ఈత రాదని నీకు తెలుసు. కుంతలగిరికి రాణివవుతావు” అన్నాడు.

మాలచ్చి భుజం మీంచి వెనక్కి చూసింది. గట్టు దారి ఇరుకు. ఒకరి వెనక ఒకరు ఎక్కుతున్నారు, ఎక్కుతూ తనవైపే చూస్తున్నారు. ఆమె ఆగితే వాళ్ళూ ఆగుతున్నారు. ఆమె అడుగేస్తే వాళ్ళూ అడుగేస్తున్నారు. కింద ఇంకా నలభై మంది దాకా ఉన్నారు. అందరికంటే చివర సన్యాసమ్మ, ఇద్దరు మనవల చేతులు పట్టుకుని.

ముందు, ఆకాశపు అంచున, తెల్లదారం కనబడింది.

శరభకేతుడు చెంబు పారేసి మోకాళ్ళ మీద పడ్డాడు. మాలచ్చి తాడు బిగించి అతన్ని లేపింది. గట్టు మీదివాళ్ళు ఆగిపోకూడదని తల ఎత్తుకుని, చెంబు రెండు చేతులా పట్టుకుని, ఇంకో అడుగు వేసింది. వెనక ఒకరు గట్టెక్కారు.

ఇంకో అడుగు వేసింది.